వరద శిబిరంలో 400 మందికి నీళ్లు, మరుగుదొడ్లు ఎన్ని ఉంటే చాలు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గోదావరికి వరద వచ్చి ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడల్లా నది మధ్యనున్న లంక గ్రామాల నుంచి నాలుగు వందల మంది దాకా మీ ఊరి హైస్కూలుకు చేరుకుని నాలుగైదు రోజులు తలదాచుకుంటున్నారు. పూర్వ విద్యార్థులు కొంత చందా పోగు చేశారు. ఆ డబ్బుతో నీళ్ల ప్యాకెట్లు కొనాలా, ఆర్వో ప్లాంటు పెట్టించాలా అన్నది మీలో మీకు తేలడం లేదు. మనిషికి ఇన్ని నీళ్లు, ఇంతమందికి ఒక మరుగుదొడ్డి అన్న లెక్క ఎక్కడైనా రాసి ఉందా అని అడిగారు. నేను కోనసీమలో గ్రామీణ మంచినీటి పనుల్లో ముప్పై ఏళ్లకు పైగా ఉండి విరమించినవాణ్ణి. 1996 నవంబరు తుపాను తరువాత, 2006 ఆగస్టు వరదలో, 2022 జులై వరదలో శిబిరాల్లో నీళ్ల ఏర్పాట్లు చూశాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ముందు జవాబు చెబుతాను. లెక్క ఉంది, అదీ రెండు చోట్ల ఉంది. మీ 400 మందికి దాని ప్రకారం రోజుకు సుమారు 8,000 లీటర్ల నీళ్లు, మొదటి రోజుకే కనీసం 8 మరుగుదొడ్లు, రెండు మూడు రోజుల్లో 14 నుంచి 20 మరుగుదొడ్లు, 8 స్నానాల గదులు, కుటుంబానికి రెండు మూత ఉన్న పాత్రలు, మనిషికి ఇంత అని సబ్బు కావాలి. ప్యాకెట్లూ వద్దు, ఆర్వో ప్లాంటూ వద్దు. మీ డబ్బులో ఎక్కువ భాగం మరుగుదొడ్ల మీద, వాడుక నీళ్ల మీద పెట్టండి. తాగే నీళ్లు ఎవరో ఒకరు తెచ్చి ఇస్తారు. మిగిలినవి ఎవరూ తేరు.

ఈ అంకెలు ఎక్కడివో క్లుప్తంగా చెప్పాలి. 1994లో రువాండా నుంచి పారిపోయి గోమా చుట్టుపక్కల చేరిన శరణార్థుల్లో కలరా సోకి వేలాది మంది చనిపోయారు. సహాయం చేయడానికి వెళ్లిన సంస్థలు ఎన్నో ఉన్నా ఎవరి కొలత వారిది అయింది. ఆ అనుభవం తరువాత 1997లో స్వచ్ఛంద సంస్థలు, రెడ్‌క్రాస్ ఉద్యమం కలిసి కనీస ప్రమాణాలు రాయడం మొదలుపెట్టాయి. దానినే స్ఫియర్ ప్రమాణాలు అంటారు. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2018 నాటి కూర్పు. మన దేశంలో 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 12వ సెక్షన్, సహాయ శిబిరాల్లో వసతి, భోజనం, తాగునీరు, వైద్యం, పారిశుధ్యం విషయంలో కనీస ప్రమాణాలకు మార్గదర్శకాలు సిఫారసు చేయాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థకు చెప్పింది. ఆ సంస్థ 2016లో వాటిని విడుదల చేసింది. కాబట్టి మీరు తహసీల్దారు గారి దగ్గరకు వెళ్లి మరుగుదొడ్ల సంగతి అడిగినప్పుడు అది దయతో చేయమని అడిగే పని కాదని గుర్తుంచుకుని మర్యాదగా, గట్టిగా అడగండి.

రెండు లెక్కల మధ్య చిన్న తేడాలున్నాయి. స్ఫియర్ ప్రకారం తాగడానికి, వంటకు, ఒంటి శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు కావాలి. మరుగుదొడ్డిలో పోసే నీళ్లు అందులో చేరవు. మనం వాడే, చెంబుతో నీళ్లు పోసే దొడ్లకు మనిషికి మరో 3 నుంచి 5 లీటర్లు వేసుకోవాలి. మన జాతీయ మార్గదర్శకాలు తాగడానికి 3 లీటర్లు, స్నానానికీ మరుగుదొడ్డికీ కనీసం 15 లీటర్లు అని విడదీసి చెబుతాయి. ఎలా కూడినా మనిషికి 18 నుంచి 20 లీటర్లు తేలుతుంది. అందుకే 400 మందికి 8,000 లీటర్లు అన్నాను. అంటే 5,000 లీటర్ల ట్యాంకరు రోజుకు రెండుసార్లు రావాలి. మరుగుదొడ్ల విషయంలో స్ఫియర్ మొదట 50 మందికి ఒకటి, వీలైనంత త్వరగా 20 మందికి ఒకటి అంటే, మన మార్గదర్శకాలు 30 మందికి ఒకటి అంటాయి. అవి శిబిరానికి 50 మీటర్లకు మించిన దూరంలో ఉండకూడదని రెండూ చెబుతాయి. స్ఫియర్ మరో మాట కూడా చెబుతుంది: ఆడవారికి మూడు ఉంటే మగవారికి ఒకటి చాలు. ఈ మాట వినగానే మన ఊళ్లలో పెద్దలు నవ్వుతారు. నేనూ ఒకప్పుడు నవ్వినవాణ్ణే.

నా నవ్వు 2006లో పోయింది. ఒక బడిలో పెట్టిన శిబిరంలో నా పని ట్యాంకర్ల లెక్క చూడటం. ట్యాంకరు రెండు పూటలా వచ్చేది, నీళ్ల ప్యాకెట్లు వరండాలో బస్తాలుగా పడి ఉండేవి, నా పుస్తకంలో అంతా సవ్యంగా ఉండేది. మూడో రోజు సాయంత్రం ఏఎన్ఎం అమ్మాయి వచ్చి, ఆడవాళ్లు వరుసగా మూత్రంలో మంట అని మందులు అడుగుతున్నారు, నీళ్లలో ఏమైనా తేడా ఉందా చూడండి అంది. నేను క్లోరిన్ పరీక్ష పెట్టె పట్టుకుని బయలుదేరాను. గది మూలన లంక నుంచి వచ్చిన ఒక మామ్మ గారు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఆవిడ బట్టల మూట కింద విప్పని ప్యాకెట్లు ఏడెనిమిది ఉన్నాయి. పొద్దున ఇచ్చినవి అలాగే ఉన్నాయేమిటండీ అని అడిగితే, ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించి, "తాగితే ఎల్లాలి కదండీ బాబూ, ఎల్లే సోటేదండీ?" అన్నారు. ఆ గదిలో ఉన్న ఆడవాళ్లందరూ మధ్యాహ్నం మూడు దాటాక గొంతు తడుపుకోవడమే తప్ప నీళ్లు తాగడం లేదట.

అప్పుడు వెళ్లి చూశాను. ఆడపిల్లల మరుగుదొడ్లు రెండున్నాయి. ఒకదానికి గడియ లేదు. ప్రాంగణం చివర, మోకాలి లోతు బురద దాటి వెళ్లాలి. దీపం లేదు. వరదప్పుడు మెరక వెతుక్కుంటూ పాములు వస్తాయని మన ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ రాత్రి ఒక గడియ, రెండు బల్బులు, దారి పొడుగునా రెండు వరుసల ఇటుకలు వేయించాం. మర్నాడు బరకాలతో మరో నాలుగు మరుగులు కట్టించాం. ఖర్చు ఒక పూట ప్యాకెట్లకు పెట్టినంత కూడా కాలేదు. మర్నాటి నుంచి ట్యాంకు త్వరగా ఖాళీ కావడం మొదలైంది. నీళ్ల లెక్కకు, దొడ్డి లెక్కకు సంబంధం ఉందని నాకు తెలిసింది ఆ ట్యాంకు ఖాళీ అవడం చూశాకే. అప్పటి నుంచి నేను ఏ శిబిరానికి వెళ్లినా ముందు నీళ్ల ట్యాంకు దగ్గరకు పోను. ఆడవాళ్ల దొడ్డి తలుపు వేసి లోపల గడియ పడుతుందో లేదో చూస్తాను.

ఇప్పుడు మన డెల్టాలో మరుగుదొడ్డి కట్టడంలో ఉన్న అసలు చిక్కు గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ కుదరదు. గుంత అడుగు భాగం భూగర్భ జలమట్టానికి కనీసం 1.5 మీటర్ల పైన ఉండాలి, నీటి వనరుకు కనీసం 30 మీటర్ల దూరంలో ఉండాలి అని రెండు ప్రమాణాలూ చెబుతాయి. కోనసీమలో మామూలు రోజుల్లోనే నాలుగడుగులు తవ్వితే ఊట కనిపించే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. ఏటిగట్టు అవతల గోదావరి గట్టు అంచు తాకుతున్నప్పుడు ఇవతల నీటిమట్టం నేల మీదకే వస్తుంది. ఆ సమయంలో గుంత తవ్వడమంటే మలాన్ని నేరుగా ఊటలో కలపడమే. పక్కనే ఉన్న చేతి బోరులోకి అది ఎన్ని రోజుల్లో చేరుతుందన్నదే తేడా.

మీ బడిలో ఇప్పటికే సెప్టిక్ ట్యాంకు ఉంది కదా అనవచ్చు. లెక్క వేసి చూడండి. మలమూత్రాలు, పోసే నీళ్లు, కడుక్కునే నీళ్లు కలిపి మనిషికి రోజుకు 10 లీటర్లు అనుకుంటే 400 మందికి 4,000 లీటర్లు. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతు ఉన్న ట్యాంకులో పట్టేది 4,500 లీటర్లు. మామూలుగా అయితే ఆ నీరు ఇంకుడు గుంతలోకి పోతుంది. వరదప్పుడు ఇంకుడు గుంత నిండా నీళ్లే ఉంటాయి కాబట్టి ఎక్కడికీ పోదు. ఒక రోజు గడిచేసరికి చెంబుడు నీళ్లు పోస్తే బుడబుడమని తిరిగి పైకి తన్నుతుంది. అది చూసిన తరువాత ఆ దొడ్లోకి ఎవరూ వెళ్లరు, తాళం వేసేస్తారు, జనం ఏటిగట్టు దారి పడతారు. చాలా శిబిరాల్లో రెండో రోజు జరిగేది ఇదే. అప్పుడు నీళ్లు సరఫరా చేసినవారిని, కట్టినవారిని తిట్టుకుంటారు గానీ కారణం ఇంకని నేల.

దీనికి నేను చూసిన వాటిలో బాగా పనిచేసిన ఉపాయం, నేల మీదే సిమెంటు వరలు పేర్చి వాటి మీద దొడ్డి కట్టడం. మూడడుగుల వ్యాసం, అడుగు ఎత్తు ఉన్న ఒక వరలో దాదాపు 200 లీటర్లు పడతాయి. అడుగున కాంక్రీటు పలక వేసి, అతుకులు సిమెంటుతో పూడ్చి, నాలుగు వరలు పేరిస్తే 800 లీటర్లు. ఇరవై మంది వాడితే, పైన చెప్పిన పది లీటర్ల లెక్కన నాలుగు రోజులు వస్తుంది. ఈలోగా సెప్టిక్ ట్యాంకు లారీని పిలిచి తోడించవచ్చు. పైన పలక మీద బేసిన్, చుట్టూ నాలుగు కర్రలు, బరకం, లోపల గడియ, గొట్టంతో గాలి దారి ఉంటే చాలు. ఇది వరద వచ్చాక చేసే పని కాదు. వరలు వేసవిలోనే కొని బడి వెనక పేర్చి ఉంచాలి. నాలుగడుగుల ఎత్తు ఎక్కాలి కాబట్టి మెట్లకు చేతికర్ర తప్పనిసరి. ముసలివారు, గర్భిణులు, కాళ్లు సరిగా లేనివారు అది ఎక్కలేరు. బడిలో ఉన్న నేలమట్టపు దొడ్లలో రెండింటిని వారికి మాత్రమే ఉంచి, ఆ రెండింటినీ నిండకుండా కాపాడుకోవాలి. ఉపాధ్యాయుల దొడ్డి తాళం ఎవరి దగ్గరుందో ముందే కనుక్కోండి. 2022లో ఒకచోట తాళంచెవి ఉన్నాయన వరదకు అవతల ఒడ్డున చిక్కుకుపోయారు; గునపంతో పగలగొట్టాం.

ఇంకో రెండు సంగతులు సెప్టిక్ ట్యాంకుకు ప్రాణం పోస్తాయి. స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు సెప్టిక్ ట్యాంకులోకి పోనివ్వకండి, వాటికి విడిగా మురుగు కాలువ తీయండి. మగవారికి విడిగా మూత్రశాల పెట్టండి. ఒక రేకు, ఒక గొట్టం చాలు. ఈ రెండింటితోనే ట్యాంకు మీద భారం గణనీయంగా తగ్గుతుంది.

తోడిన లారీ ఎక్కడ పోస్తుందో తప్పక అడగండి. ఈ మాట నొక్కి చెబుతున్నాను. మన దగ్గర కాలువే దిగువ ఊరికి మంచినీరు. కాలువ నీటితోనే మంచినీటి చెరువులు నింపుకుంటాం. చీకట్లో లారీ కాలువ గట్టున ఆగిందంటే మీ శిబిరంలోని విరేచనాలు పది కిలోమీటర్ల దిగువన తేలతాయి. డ్రైవరు పక్కన మీ మనిషి ఒకరు కూర్చుని వెళ్లడం తప్ప దీనికి వేరే మందు నాకు కనబడలేదు.

ఇక నీళ్లు. కుళాయికి 250 మంది అన్న స్ఫియర్ అంకెను చూసి రెండు కుళాయిలు చాలనుకోకండి. ఆ అంకె వెనక ఒక లెక్క ఉంది: కుళాయి నిమిషానికి 7.5 లీటర్లు ఇవ్వాలి, రోజుకు ఎనిమిది గంటలు నీళ్లు రావాలి. అప్పుడు 3,600 లీటర్లు వస్తాయి, మనిషికి దాదాపు 15 లీటర్ల లోపు అందుతాయి. వరదప్పుడు కరెంటు ఉండదు, ట్యాంకరు వచ్చినప్పుడే నీళ్లు, జనం అంతా పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపే వస్తారు. వరుసలో అరగంటకు మించి నిలబడకూడదని కూడా ఆ ప్రమాణమే చెబుతుంది. కాబట్టి వెయ్యి లీటర్ల ట్యాంకులు నాలుగు, ఒక్కోదానికి రెండేసి కుళాయిలు బిగించి, ప్రాంగణంలో రెండు వైపులా పెట్టండి. ట్యాంకు కింద మూడడుగుల దిమ్మ ఉంటేనే ధార సరిగా వస్తుంది. కుళాయి కింద నాపరాయి పరిచి, పారే నీటికి దారి చూపండి, లేకపోతే సాయంత్రానికి అక్కడ మడుగు తయారై దోమలకూ పిల్లల ఆటలకూ నిలయమవుతుంది.

ప్యాకెట్ల సంగతి: మనిషికి 3 లీటర్లు 200 మిల్లీలీటర్ల ప్యాకెట్లతో ఇవ్వాలంటే పదిహేను ప్యాకెట్లు. మీ శిబిరానికి రోజుకు ఆరు వేల ప్యాకెట్లు, ఆరు వేల ఖాళీ సంచులు. ఆ సంచులన్నీ చేరేది మీరు తీసిన మురుగు కాలువలోకే. పడవలో చిక్కుకున్నవారికి, గట్టు మీద మొదటి పూట దిగినవారికి ప్యాకెట్టు మంచిదే. శిబిరానికి పనికిరాదు. ఆర్వో ప్లాంటుకు కరెంటు కావాలి, లోపలికి వెళ్లిన నీటిలో చాలా భాగాన్ని వ్యర్థంగా బయటకు వదిలేస్తుంది. సఖినేటిపల్లి, అంతర్వేది వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో మామూలు రోజులకు అది అవసరం కావచ్చు. వరద నీటికి ఉన్న జబ్బు ఉప్పు కాదు, బురద, క్రిములు. వాటికి పటిక, క్లోరిన్ చాలు.

క్లోరిన్ ఎంత కలిపారన్నది ముఖ్యం కాదు, మనిషి గ్లాసులోకి వచ్చేసరికి ఎంత మిగిలిందన్నదే ముఖ్యం. కుళాయి దగ్గర లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, మట్టితనం 5 ఎన్‌టియు (నీటి మట్టితనాన్ని కొలిచే ప్రమాణం) లోపు ఉండాలి. నేను పాటించిన పద్ధతి చెబుతాను. ఎర్రనీరు అయితే ముందు పటికతో తేర్చి, పైన తేట నీటిని వేరే ట్యాంకులోకి తీసుకోవాలి. బురద నీళ్లలో క్లోరిన్ వేస్తే అది బురదకే ఖర్చయిపోతుంది. బ్లీచింగ్ పౌడరులో 25 శాతం క్లోరిన్ ఉందనుకుని 40 గ్రాములు తీసుకుని, ప్లాస్టిక్ బకెట్టులో లీటరు నీళ్లతో బాగా కలిపి, సున్నం అడుక్కు దిగాక పైన తేట మాత్రం వంచుకోవాలి. ఆ లీటరు తేట 5,000 లీటర్ల ట్యాంకరుకు సరిపోతుంది; లీటరుకు 2 మిల్లీగ్రాముల మోతాదు అవుతుంది. అరగంట ఆగి పరీక్ష చేయాలి. పరీక్ష గొట్టంలో నీళ్లు పోసి చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. రాకపోతే మరో అర లీటరు తేట కలిపి మళ్లీ అరగంట ఆగాలి. సంచి విప్పి చెమ్మ తగిలే చోట పెట్టిన పౌడరు కొన్ని వారాల్లోనే సత్తువ కోల్పోతుంది, అందుకే అంకె మీద కన్నా పరీక్ష మీద నమ్మకం ఉంచండి. క్లోరిన్ మాత్రలు వాడితే ఒక్కో రకానికి మోతాదు వేరు. ఎన్ని లీటర్లకు ఒకటో అట్ట మీద చదివి, చదవలేనివారికి చూపించి మరీ ఇవ్వండి.

2022లో ఒక శిబిరంలో ట్యాంకు దగ్గర పరీక్ష చేస్తే చక్కటి పసుపు వచ్చింది. అక్కడి నుంచి ఇరవై అడుగుల దూరంలో, భోజనాల దగ్గర పెట్టిన నీలం డ్రమ్ములో అదే నీళ్లు తీసి పరీక్ష చేస్తే గొట్టం తెల్లగానే ఉండిపోయింది. డ్రమ్ముకు మూత లేదు. ఒక పిల్లవాడు మోచేతి వరకు చెయ్యి ముంచి గ్లాసు వెతుకుతున్నాడు. అప్పటి నుంచి నేను డ్రమ్ములు కనిపిస్తే బోర్లిస్తున్నాను. పాత్రల సంగతి ఎందుకు చెబుతున్నానంటే, పడవ ఎక్కేటప్పుడు బట్టలు, పాసుపుస్తకాలు తెచ్చుకుంటారు గానీ బిందె ఎవరూ తెచ్చుకోరు. పాత్ర లేని కుటుంబానికి పదిహేను లీటర్లు అన్న మాటకు అర్థం లేదు. పది నుంచి ఇరవై లీటర్లు పట్టేవి కుటుంబానికి రెండు, ఒకటి తెచ్చుకోవడానికి, ఒకటి దాచుకోవడానికి ఇవ్వాలి. మెడ సన్నగా ఉండే మన బిందె బకెట్టు కన్నా మేలు, ఎందుకంటే దాంట్లో చెయ్యి పట్టదు, వంచుకోవాల్సిందే.

సబ్బు లెక్క మనిషికి నెలకు స్నానానికీ చేతులకూ 250 గ్రాములు, బట్టలకు 200 గ్రాములు. ఐదు రోజులకు నలుగురున్న కుటుంబానికి రెండు ఒంటి సబ్బులు ఇస్తే సరిపోతుంది. కానీ పంచిన సబ్బును జనం విప్పరు, ఇంటికి తీసుకెళ్లడానికి దాచుకుంటారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఇల్లు మునిగినవారికి సబ్బూ ఆస్తే. అందుకని ప్రతి మరుగుదొడ్డి బయట, భోజనాల దగ్గర విడిగా సబ్బు నీళ్ల సీసా, కుళాయి ఉన్న చిన్న డబ్బా పెట్టండి. దాన్ని రోజుకు రెండుసార్లు నింపే మనిషి పేరు గోడ మీద రాయండి.

నెలసరి విషయం మగవాళ్లం అడగలేం, వాళ్లు చెప్పరు. డ్వాక్రా సంఘం వారిని ఇద్దరిని ఈ పనికి పెట్టండి. గుడ్డ వాడతారా, ప్యాడ్లా అన్నది ముందు అడిగి తెలుసుకుని కొనండి; గుడ్డ వాడేవారికి ఉతుక్కుని నలుగురి కంట పడకుండా ఆరేసుకునే చోటు కావాలి, ప్యాడ్లు వాడేవారికి దొడ్డిలోనే మూత ఉన్న డబ్బా కావాలి. ఆ డబ్బా లేకపోతే అవి బేసిన్‌లోకి వెళ్లి మీ వరల లెక్కంతా తలకిందులవుతుంది. జాతీయ మార్గదర్శకాలు కూడా ఆడవారికి శానిటరీ న్యాప్కిన్లు, పారవేయడానికి కాగితపు సంచులతో కూడిన కిట్లు ఇవ్వాలని చెప్పాయి.

బడికి రానివారిని మరిచిపోకండి. పాడి ఉన్న కుటుంబాల్లో ఒకరిద్దరు గేదెలతో ఏటిగట్టు మీదే బరకం కింద ఉండిపోతారు. లెక్కల్లో వారు కనబడరు. గేదెకు రోజుకు 20 నుంచి 30 లీటర్ల నీళ్లు వేసుకోమని స్ఫియర్ చెబుతుంది. పశువుకు పెట్టకుండా మనిషి తాగడు కాబట్టి, పశువుల లెక్క వేయకపోతే మీరు గట్టుకు పంపిన మంచినీళ్లలో సగం కుడితి తొట్లోకి పోతాయి. గట్టు మీద మరుగుదొడ్డి కట్టడం కష్టం. గట్టు తవ్వనే కూడదు. పైన చెప్పిన వరల దొడ్డి రెండు గట్టుకు ఇవతల దిగువన పెట్టించాం ఒకసారి. వాడారు.

ఊళ్లోకి తిరిగి వెళ్లే రోజున చేయాల్సింది కొంత ఉంది. మునిగిన చేతి బోర్లను, బావులను అలాగే వాడటం మొదలుపెడితే శిబిరంలో రాని విరేచనాలు, పచ్చకామెర్లు ఇంటి దగ్గర వస్తాయి. బోరులో బ్లీచింగ్ తేట పోసి, ఒక రాత్రి వదిలి, మర్నాడు క్లోరిన్ వాసన పోయేవరకు కొట్టి పారబోసి, ఆ తరువాతే తాగాలి. అంతవరకు ట్యాంకరు ఆపవద్దని ముందే మాట తీసుకోండి. శిబిరం ఎత్తేసిన రోజునే ట్యాంకరు ఆగిపోవడం నేను ప్రతి వరదలోనూ చూశాను.

సమయం విషయంలో మనకు కొంత అనుకూలత ఉంది. భద్రాచలంలో నీటిమట్టం 43, 48, 53 అడుగులు దాటితే ఒకటి, రెండు, మూడు హెచ్చరికలు ఇస్తారు. ఆ నీరు మన దగ్గరకు చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు, అంటే పది లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు, పదమూడు లక్షలకు రెండోది, 17.75 అడుగులకు, పదిహేడు లక్షలకు మూడోది. మొదటి హెచ్చరిక వచ్చినప్పుడే సెప్టిక్ ట్యాంకు తోడించి ఖాళీ చేయండి, నీళ్ల ట్యాంకులు కడిగి నింపండి. రెండోది వచ్చేసరికి వరలు పేర్చి, బల్బులు వేలాడదీసి ఉండాలి. పడవలు దిగాక ఈ పనులకు మనుషులు దొరకరు, అందరూ అన్నం వడ్డనలో ఉంటారు.

మీ డబ్బు ఎంతో రాయలేదు కాబట్టి వరుస చెబుతాను, ఉన్నంతవరకు కొనుక్కుంటూ వెళ్లండి: వరలు, పలకలు, గడియలు, బల్బులకు ఒక చిన్న ఇన్వర్టరు, ఆ తరువాత ట్యాంకులు, కుళాయిలు, ఆ తరువాత బిందెలు, సబ్బులు, పరీక్ష పెట్టె. పరీక్ష పెట్టె ఖరీదు తక్కువే, చివర రాశానని వదిలేయకండి.

వరలు ఎన్ని కావాలో కచ్చితంగా చెప్పాలంటే నాకు మూడు సంగతులు కావాలి: మీ బడిలో పనిచేసే దొడ్లు ఎన్ని, సెప్టిక్ ట్యాంకు లోపలి కొలతలు ఎంత, గత వరదలో ఆ ట్యాంకు మూత మీదకు నీళ్లు వచ్చాయా లేదా. కొలిచి ఇక్కడే రాయండి, లెక్క వేసి పెడతాను.